అణు నియంత్రణ మండలి మీదే ఫిర్యాదు ఉంటే ఎవరికి చెప్పుకోవాలి?

హంద్రీ ఒడ్డు (దేవనకొండ, కర్నూలు జిల్లా)

2024 నవంబరులో కప్పట్రాళ్ల అడవిలో యురేనియం కోసం 68 బోర్లు వేస్తారన్న కబురు రాగానే మా మండలంలో ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కాయి. తవ్వకాలు ఉండవని కలెక్టరు గారు చెప్పారు, ముఖ్యమంత్రి గారూ అదే మాట అన్నారు, జనం సద్దుమణిగారు. ఆ వారమంతా బస్సులో, టీ అంగట్లో, మా స్టాఫ్ రూములో నన్ను ఒకే ప్రశ్న అడిగారు. "ఏం ప్రమాదం లేదని చెప్తాండారు గదా సార్, ఆ చెప్పేవాళ్లను అడిగేవాళ్లు ఎవురు?" సైన్సు అయ్యవారిని కదా, నాకు తెలిసి ఉంటుందని వాళ్ల నమ్మకం. ఆరోజు తడబడ్డాను. తర్వాత కూర్చుని చదివాను. చదివింది మీ ముందు పెట్టి వాదించుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నా.

బోర్లు వేయాలనుకున్నది అణు ఖనిజాల డైరెక్టరేటు. అది అణుశక్తి శాఖలో భాగం. మన పక్కనే వేముల మండలం తుమ్మలపల్లెలో గనిని, మిల్లును నడిపేది యురేనియం కార్పొరేషన్. అదీ ఆ శాఖదే. ఆ గని చుట్టూ నీళ్లు, గాలి, మట్టి కొలిచే పర్యావరణ ప్రయోగశాలను నడిపేది భాభా అణు పరిశోధన కేంద్రం. అదీ ఆ శాఖదే. వీళ్లందరి మీదా రేడియేషన్ భద్రత చూడాల్సిన అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ, 1983 నవంబరు 15న పుట్టింది. పుట్టినప్పటి నుంచి అది జవాబు చెప్పుకున్నది అణుశక్తి కమిషన్‌కు. ఆ కమిషన్ అధ్యక్షుడు అణుశక్తి శాఖ కార్యదర్శే.

ఇంతవరకు చాలామందికి తెలిసిందే. నా వాదన ఇంకో మెట్టు ముందుకు పోతుంది. మండలిని శాఖ నుంచి విడదీస్తే సరిపోదు. మండలి తన పని సరిగా చేసిందా లేదా అని విచారించే అధికారి ఒకరు కావాలి. ఆయన మండలి లోపల ఉండాలి, నివేదిక మాత్రం నేరుగా పార్లమెంటుకు ఇవ్వాలి.

ఇది నా ఊహ కాదు. అమెరికాలో 1974 చట్టంతో పాత అణుశక్తి కమిషన్‌ను రెండుగా చీల్చారు. నియంత్రించే పని ఎన్ఆర్‌సీ (అణు నియంత్రణ కమిషన్) అనే కొత్త సంస్థకు పోయింది. 1989లో ఆ ఎన్ఆర్‌సీ లోపల చట్టబద్ధంగా ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫీసు పెట్టారు. ఆ ఆఫీసు రియాక్టర్లను చూడదు, ఎన్ఆర్‌సీనే చూస్తుంది. అది ఏం చేయగలదో ఒక ఉదాహరణ చెప్తాను.

ఒహాయో రాష్ట్రంలో డేవిస్-బెస్ అనే రియాక్టరు ఉంది. దాని పైమూతలో దిగిన గొట్టాలకు పగుళ్లు ఉండొచ్చని 2001లో ఎన్ఆర్‌సీ ఇంజినీర్లకు అనుమానం వచ్చింది. డిసెంబరు 31లోగా ఆపి చూడాలని ఉత్తర్వు కూడా రాసుకున్నారు. కంపెనీ గడువు అడిగింది. బేరసారాల తర్వాత 2002 ఫిబ్రవరి 16 దాకా నడుపుకోనిచ్చారు. మార్చిలో చూస్తే, కారిన నీళ్లలోని బోరిక్ ఆమ్లం ఆ మూతను తినేసి ఉంది. ఆరంగుళాల ఉక్కు పోయి పెద్ద గుంత పడింది. సుమారు సెంటీమీటరు మందం ఉన్న లోపలి స్టెయిన్‌లెస్ స్టీలు పొర ఒక్కటే రియాక్టరు ఒత్తిడినంతా ఆపుతోంది. ఆ ఏడాది డిసెంబరులో ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదిక వచ్చింది. గడువు ఇవ్వడం వెనక కంపెనీకి నష్టం తగ్గించాలన్న ఆలోచన చాలావరకు పనిచేసిందని తన సొంత సంస్థ గురించే రాసింది, బయటపెట్టింది.

మన దగ్గర అలాంటి నివేదిక రాయగల కుర్చీ ఏది? నాకు కనపడలేదు. మీకు కనపడితే చెప్పండి.

చీనీతోట (అనంతపురం)

సార్, మీరు రాసింది రెండుసార్లు చదివినా. నాకు అర్థమైంది చెప్తా, తప్పైతే దిద్దండి.

మా చిన్నక్కను వేముల మండలంలో ఇచ్చినాం. ఆ పక్క కె.కె.కొట్టాల, మబ్బుచింతలపల్లె రైతులు బోర్లలో నీళ్లు చెడిపోయినాయని, అరటితోటలు ఎండిపోతాండాయని ఏండ్ల తరబడి చెప్తానే ఉండారు. పేపర్లలో వచ్చింది, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి 2019లో నోటీసు ఇచ్చింది. మిల్లు వదిలే మడ్డి నింపే టెయిలింగ్ పాండ్ అడుగున పాలిథిన్ పొర పరవల్లనే షరతు గురించే ఆ తగాదా. తప్పు లేదని కార్పొరేషన్ చెప్పింది. సరే, ఇద్దరూ సర్కారోళ్లే. ఒకరు అవునంటారు, ఒకరు కాదంటారు. రైతు యాడికి పోవల్ల? ఇద్దరి మాటా తూకమేసి "ఇదీ నిజం" అని చెప్పే మనిషి కావల్ల. మీరు చెప్పే ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆ పని చేస్తాడా, లేకుంటే ఇంకో ఆఫీసు, ఇంకో బోర్డు, ఇంకో జీపేనా?

పాత ఇంజినీరు (ముద్దనూరు, కడప జిల్లా)

హంద్రీ ఒడ్డు గారూ, శ్రద్ధగా రాశారు. సంతోషం. అయినా నేను ఒప్పుకోలేను. కారణాలు చెప్తాను, ఓపికగా చదవండి.

నేను థర్మల్ ప్లాంటులో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. భద్రత అంటే కాగితాల మీద గీసిన గీతలు కాదు, పని తెలిసిన మనిషి. మా దగ్గరకు బాయిలర్ ఇన్‌స్పెక్టర్ వచ్చేవారు. డ్రమ్ములోకి దూరేవారు, ట్యూబులు తట్టి చూసేవారు, అతుకు దగ్గర వేలు పెట్టి "ఇది మళ్లీ వెల్డింగ్ చేయండి" అనేవారు. ఆయన సంతకం లేకుండా బాయిలర్ వెలగదు. చీఫ్ ఇంజినీరైనా ఆయన ముందు నిలబడి సమాధానం చెప్పాల్సిందే. ఆయనంటే మాకు భయం, గౌరవం రెండూ ఉండేవి, ఎందుకంటే ఆయనకు పని తెలుసు. ఆయన మీద పని తెలియని ఇంకొకరిని కూర్చోబెట్టి ఉంటే ఆయన ట్యూబులు తట్టడం మానేసి ఫైళ్లు దిద్దుకుంటూ కూర్చునేవారు.

అణు రంగంలో పని తెలిసినవాళ్లు ఎక్కడ తయారవుతారు? అణుశక్తి శాఖలోనే. రియాక్టరు నడిపిన అనుభవం ఇంకెక్కడా దొరకదు. అందుకే మండలిలో అక్కడివాళ్లు ఉంటారు. దీన్ని కుట్రగా చూడకండి.

మండలి గట్టిగా నిలబడిన సందర్భాలూ ఉన్నాయి. 1994 మే 13న కైగాలో కడుతున్న రియాక్టరు గోపురం లోపలి పొర ఊడి కిందపడింది. మండలి పని ఆపించింది, డిజైను మార్పించింది. అదే మండలి, అదే కమిషన్ కింద.

తుమ్మలపల్లె సంగతి. అక్కడి యురేనియం ఉండేదే వేంపల్లె సున్నపురాతి పొరల్లో. గని రాకముందు కూడా ఆ రాయిని తాకి వచ్చిన బోరు నీళ్లలో యురేనియం ఉంటుంది. కాబట్టి నీళ్లలో యురేనియం కనపడగానే పాండ్ నుంచే వచ్చిందనడం శాస్త్రం కాదు. జనం భయాన్ని నేను తక్కువ చేయడం లేదు. భయానికి మందు సరైన కొలత. ఇంకో అధికారి కాదు.

చీనీతోట (అనంతపురం)

సార్ నమస్తే. పెద్దవారు, అనుభవం ఉన్నవారు. ఒకటి అడుగుతా, తప్పుగా అనుకోవద్దండి.

ఆ బాయిలర్ ఇన్‌స్పెక్టరుకు జీతం ఎవురు ఇచ్చిండేది? మీ ప్లాంటా?

పాత ఇంజినీరు (ముద్దనూరు)

లేదు నాయనా. ఆయన రాష్ట్ర బాయిలర్ల శాఖ మనిషి. మా సంస్థకు ఆయన మీద ఏ అధికారమూ లేదు. బదిలీ చేయించలేం, ప్రమోషన్ ఆపలేం.

నువ్వు ఎక్కడికి వస్తున్నావో అర్థమైంది. మంచి ప్రశ్నే. ఆలోచిస్తాను.

లెడ్ ఏప్రన్ (కర్నూలు)

అన్నలందరికీ నమస్కారం. మీరు గనులు, రియాక్టర్లు అంటున్నారు. ఏఈఆర్‌బీ పరిధిలోకి ఎక్స్‌రే గది కూడా వస్తుంది. నేను రేడియోగ్రాఫర్‌ని. నా అనుభవం చెప్తాను.

మాకు టీఎల్‌డీ బ్యాడ్జి అని ఇస్తారు. ఏప్రన్ లోపల ఛాతీ దగ్గర పెట్టుకోవాలి. మూడు నెలలకోసారి లేబొరేటరీకి పంపితే మన ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో లెక్క వస్తుంది. ఏడాదికి సగటున 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. ఇది మండలి పెట్టిన హద్దు.

నేను మొదట చేరిన ఒక స్కానింగ్ సెంటర్లో బ్యాడ్జీలన్నీ ఓనరు గారి టేబుల్ సొరుగులో ఉండేవి. "పోగొడతారమ్మా, నా దగ్గరే ఉండనీ" అనేవారు. మూడు నెలలకోసారి సొరుగులోంచి కవర్లోకి, కవర్లోంచి పోస్టుకు. రిపోర్టు ఎప్పుడూ సున్నా. గది తలుపుకు సీసం రేకు లేదు, బయట బెంచీ మీద పేషెంట్లు, వాళ్ల పిల్లలు కూర్చునేవాళ్లు. నేనున్న నాలుగేళ్లలో ఆ గదిని చూడటానికి వచ్చిన మనిషిని నేను చూడలేదు. అప్పుడు నాకు పాప కడుపులో ఉంది. ధైర్యం చేసి ఒక ఆఫీసుకు ఫోన్ చేశాను. "మీ పేరు, పనిచేసే చోటు రాతపూర్వకంగా ఇవ్వండి" అన్నారు. ఇస్తే నా పేరు మా ఓనరుకు తెలియదని మాటిస్తారా అని అడిగాను. అలా చెప్పలేమన్నారు. ఫోన్ పెట్టేసి, ఆ నెల జీతం తీసుకుని ఉద్యోగం మానేశాను.

తర్వాత 2012లో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదిక వచ్చింది. దేశంలో 57,443 ఎక్స్‌రే కేంద్రాలుంటే మండలి దగ్గర నమోదైనవి 5,270. తొంభై ఒక్క శాతం లెక్కలోనే లేవు. ఆ అంకె పేపర్లో చదివి ఏడ్చాను. నేనొక్కదాన్నే అనుకున్నాను ఇన్నాళ్లూ.

న్యాయంగా చెప్పాలి: ఆ తర్వాత ఆన్‌లైన్ లైసెన్సులొచ్చాయి. ఇప్పుడు నేను పనిచేసే ఆసుపత్రిలో బ్యాడ్జి నా ఒంటి మీదే ఉంటుంది, తలుపు మీద ఎర్ర లైటు వెలుగుతుంది. కాగ్ అడిగాకే కదా కదలిక వచ్చింది. కాబట్టి పెద్దాయన గారూ, పని తెలిసినవాళ్లు ముందూ ఉన్నారు. వాళ్లు రాలేదని చెప్పుకోవడానికి నాకు చోటు లేదు.

పెన్నేరు (కడప)

అక్కా, మీరు ఫోన్ పెట్టేసిన ఆ క్షణమే ఈ చర్చకు అసలు కేంద్రం. నేను కోర్టులో ప్రాక్టీసు చేస్తున్నాను, చట్టం వైపు నుంచి కొన్ని చెప్తాను.

ఫిర్యాదు చేసినవాళ్ల పేరు కాపాడటం ఎంత పెద్ద విషయమో జపాన్ చెప్తుంది. 2000లో జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేసిన ఒక తనిఖీ ఇంజినీరు, ఫుకుషిమా రియాక్టర్ల తనిఖీ రికార్డులు తప్పుగా రాశారని జపాన్ ప్రభుత్వానికి తెలియజేశాడు. అక్కడి నియంత్రణ సంస్థ ఆయన పేరును ఆ రియాక్టర్లు నడిపే విద్యుత్ కంపెనీకే చేరవేసింది. విషయం జనానికి తెలిసేసరికి 2002 వచ్చింది. ఆ సంస్థ పరిశ్రమల మంత్రిత్వ శాఖ కింద ఉండేది, అణు విద్యుత్తును ప్రోత్సహించేదీ అదే మంత్రిత్వ శాఖ. 2011 మార్చి 11 తర్వాత అక్కడి పార్లమెంటు వేసిన విచారణ సంఘం ఫుకుషిమా ప్రమాదాన్ని మనుషులు తెచ్చిపెట్టిందని తేల్చింది, నియంత్రించాల్సినవాళ్లు కంపెనీల చేతికి చిక్కారని రాసింది. 2012లో ఆ సంస్థనే రద్దు చేసి కొత్తది పెట్టారు.

మన దగ్గర ఆ పేరును కాపాడే చట్టం ఉందా? 2014లో పార్లమెంటు విజిల్ బ్లోయర్ల రక్షణ చట్టం చేసింది. దాన్ని అమల్లోకి తేలేదు. కాగితం మీద ఉంది, అంతే.

ఇంజినీరు గారు కైగా చెప్పారు. అప్పుడు మండలి చైర్మన్ ఎ. గోపాలకృష్ణన్. ఆయనే 1995లో దేశంలోని అణు కేంద్రాల్లో సుమారు 130 భద్రతా లోపాల జాబితా తయారుచేయించారు. ఆ పత్రాన్ని బయటపెట్టాలని పౌరహక్కుల సంఘం కోర్టుకు వెళ్లింది. 1962 అణుశక్తి చట్టం 18వ సెక్షన్ కింద రహస్యంగా ఉంచొచ్చని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. పదవి దిగాక గోపాలకృష్ణన్ గారు మండలికి నిజమైన స్వేచ్ఛ లేదని బహిరంగంగా రాశారు, మాట్లాడారు. కైగా పని ఆపించిన మనిషి చెప్పిన మాట అది. 2000లో భాభా కేంద్రంలోని సౌకర్యాలను మండలి పరిధి నుంచే తప్పించి లోపలి కమిటీకి అప్పగించారు.

కాగ్ 2012లో ఇంకోటి కూడా చెప్పింది. నిబంధనలు ఉల్లంఘిస్తే వేయగల గరిష్ఠ జరిమానా 500 రూపాయలని. మా కడపలో అంతకంటే ఎక్కువ హెల్మెట్ లేకపోతే కట్టాలి.

హంద్రీ ఒడ్డు (దేవనకొండ)

పెన్నేరు గారూ, కొత్త చట్టం గురించి కూడా రాయండి. చాలామంది "ఇంకేం, మండలికి చట్టం వచ్చేసింది కదా" అంటున్నారు.

పెన్నేరు (కడప)

వస్తున్నా. 2011 సెప్టెంబరులో అణు భద్రతా నియంత్రణ సంస్థ బిల్లు లోక్‌సభలో పెట్టారు. 2014లో సభతో పాటే అదీ మురిగిపోయింది. 2015లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నిపుణులు వచ్చి చూసి, మండలిని స్వతంత్ర సంస్థగా చట్టంలోనే నిలబెట్టండని సిఫారసు చేశారు. పదేళ్ల తర్వాత, 2025 డిసెంబరులో పార్లమెంటు శాంతి (SHANTI) అనే కొత్త అణుశక్తి చట్టం చేసింది. 1962 చట్టం, 2010 నాటి అణు ప్రమాద పరిహార చట్టం రెండింటినీ అది రద్దు చేసింది. ప్రైవేటు కంపెనీలకు తలుపు తెరిచారు. ఏఈఆర్‌బీకి చట్టబద్ధత ఇచ్చారు. ఇది నిజంగా ముందడుగే, కాదనను.

అయితే మండలి చైర్మన్‌ను, సభ్యులను ఎంపికచేసే కమిటీని వేసేది మళ్లీ అణుశక్తి కమిషనే. ఇల్లు మారింది, తాళంచెవి పాతవాళ్ల దగ్గరే ఉంది. మండలి సిబ్బంది మీదే వచ్చే ఫిర్యాదును విచారించి పార్లమెంటుకు చెప్పే ఇన్‌స్పెక్టర్ జనరల్ లాంటి పదవిని అందులో పెట్టలేదు. ఇన్నాళ్లూ రియాక్టర్లు, యురేనియం గనులు నడిపేవాళ్లు కూడా ప్రభుత్వంవాళ్లే. ఇకమీదట డబ్బున్న ప్రైవేటు కంపెనీలూ వస్తాయి. డేవిస్-బెస్‌లో గడువు అడిగింది ప్రైవేటు కంపెనీయే.

పాత ఇంజినీరు (ముద్దనూరు)

రెండు రోజులు ఆగి రాస్తున్నాను.

ముందుగా అమ్మాయితో ఒక మాట. తల్లీ, నీ సొరుగు సంగతి చదివి నిద్ర పట్టలేదు. మా అమ్మాయి కూడా ఆసుపత్రిలోనే పనిచేస్తుంది. బ్యాడ్జి సొరుగులో పెట్టడం ఎంత ఘోరమో ప్లాంటులో పనిచేసినవాడిగా నాకు తెలుసు. గేజి పీకి పక్కన పెట్టి బాయిలర్ నడిపినట్టు.

చీనీతోట తమ్ముడి ప్రశ్నకు జవాబు: నేను బాయిలర్ ఇన్‌స్పెక్టరుకు భయపడింది ఆయనకు పని తెలియడం వల్ల మాత్రమే కాదు. ఆయన మా మనిషి కాకపోవడం వల్ల కూడా. ఒప్పుకుంటున్నాను. నియామకం శాఖ చేతిలో ఉండకూడదు.

కానీ ఇన్‌స్పెక్టర్ జనరల్ అనే మందు మీద మీరు పెట్టుకున్న ఆశ నాకు ఎక్కువగా కనిపిస్తోంది. డేవిస్-బెస్ నివేదిక వచ్చాక ఏమైంది? అప్పటి ఎన్ఆర్‌సీ చైర్మన్ మెసెర్వ్ ఆ నిర్ధారణను ఒప్పుకోలేదు, తమ ఇంజినీర్ల నిర్ణయాన్ని సమర్థించారు. ఇన్‌స్పెక్టర్ జనరల్ చెప్పగలడు, చేయించలేడు. ఇక స్వతంత్రత సంగతి. 2025 జూన్‌లో అమెరికా అధ్యక్షుడు ఎన్ఆర్‌సీ కమిషనర్ హాన్సన్‌ను పదవి నుంచి తీసేశారు. చట్టంలో ఎన్ని గోడలు కట్టినా పైవాడు తలుచుకుంటే కూలుతాయి. మనం ఇంకొకరి ఇంటి నమూనా తెచ్చుకునే ముందు ఆ ఇంటికి పగుళ్లున్నాయని చూసుకోవాలి.

ఇంకో భయం. ఇంజినీరు తీసుకునే ప్రతి నిర్ణయంలో కొంత అంచనా ఉంటుంది. తర్వాత ఎవరో వచ్చి విచారణ చేస్తారంటే యువ ఇంజినీర్లు సంతకం పెట్టడానికే జంకుతారు. ఫైలు పైకి, పైకి, ఇంకా పైకి పోతుంది. ఎవరూ నిర్ణయించరు. నిర్ణయించకపోవడం కూడా ప్రమాదమే.

హంద్రీ ఒడ్డు (దేవనకొండ)

సార్, మీరు ఒక మెట్టు దిగి వచ్చారు, నేనూ దిగుతాను. ఇన్‌స్పెక్టర్ జనరల్ వస్తే అన్నీ చక్కబడతాయని అనను.

చైర్మన్ ఒప్పుకోలేదన్నారు. నిజం. కానీ ఒప్పుకోలేదని మనకెలా తెలిసింది? నివేదిక బయట ఉంది, ఆయన జవాబూ బయట ఉంది. మీరు ముద్దనూరులో, నేను దేవనకొండలో కూర్చుని ఇరవై ఏళ్లు దాటాక ఎవరిది సరైనదని వాదించుకుంటున్నాం. 1995 జాబితా మీద మనం ఇలా వాదించుకోగలమా? అందులో ఏముందో చూడనేలేదు.

యువ ఇంజినీర్ల జంకు గురించి. మీరు చెప్పింది డేవిస్-బెస్ ఉత్తర్వును పక్కన పెట్టిన పెద్దలకు వర్తిస్తుంది. ఉత్తర్వు రాసిన కుర్ర ఇంజినీరు సంగతేంటి? తాను ఆపమన్నా పైవాళ్లు నడవనిచ్చారు. అలాంటివాడు వెళ్లి చెప్పుకోవడానికి ఒక తలుపు ఉంటే జంకు తగ్గుతుంది. సంతకం పెట్టినవాడిని పట్టుకోవడానికే ఈ పదవి అనుకుంటే మీ భయం న్యాయమే. వద్దని రాసినవాడిని కాపాడటానికి అనుకోండి.

కొలతకు వద్దాం. భయానికి మందు కొలత అన్నారు. ఒప్పుకుంటాను. మరి తాగే నీళ్లలో యురేనియం ఎంత దాకా ఉండొచ్చు? ఏఈఆర్‌బీ లీటరుకు 60 మైక్రోగ్రాములంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 30 అంది. తర్వాత మన భారతీయ ప్రమాణాల సంస్థ కూడా 30కే వచ్చింది. ఒక రైతు బోరులో 45 వస్తే ఒక కాగితం ప్రకారం తాగొచ్చు, ఇంకో కాగితం ప్రకారం తాగకూడదు. యురేనియం రేడియేషన్ కంటే ముందు మూత్రపిండాలకు విషంగా పనిచేస్తుంది. 60 అన్నప్పుడు ఎవరు, ఏ లెక్కతో అన్నారో అడిగే హక్కు ఆ రైతుకు ఉండాలి కదా.

చీనీతోట (అనంతపురం)

ఈ 60, 30 సంగతి ఇప్పుడే తెలిసింది. మా చిన్నక్కకు ఫోన్ చేసి చెప్పినా. ఆమె అడిగింది: "మా బోరుది ఎంతో చెప్పినారా రా?" చెప్పలే. కాగితం ఇచ్చినారా అంటే లేదంది. శాంపిలు తీసకపోతే రిజల్టు కాగితం రైతు చేతికి ఇయ్యల్ల. ఇన్‌స్పెక్టర్ జనరల్ వచ్చేది ఎప్పుడో, ఈ కాగితం రేపే ఇయ్యొచ్చు గదా.

ఇంజినీరు సార్, గని రాకముందే నీళ్లలో యురేనియం ఉంటాదన్నారు. ఉండొచ్చు. మరి గని రాకముందు ఎంత ఉండేది? ఆ లెక్క ఎవురి దగ్గర ఉండాది?

పాత ఇంజినీరు (ముద్దనూరు)

అదే అసలైన ప్రశ్న తమ్ముడూ. నేను రాసిన వాదన నిలబడాలంటే ఆ పాత లెక్క కావాల్సిందే. 2006లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది, 2007లో శంకుస్థాపన, 2012లో ఉత్పత్తి మొదలు. దానికి ముందు ఏ బోరులో ఎంత ఉందో కొలిచి ఉండాలి.

ఇంకో సంగతి. తుమ్మలపల్లె రాయి సున్నపుజాతిది, అందుకే అక్కడ యురేనియం కరిగించి తీయడానికి ఆమ్లం బదులు సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ వాడతారు. పాండ్ నుంచి నీళ్లు కిందికి దిగుతుంటే యురేనియం కంటే ముందు చుట్టుపక్కల బోర్లలో సోడియం పెరగాలి. అరటికి సోడియం అసలు పడదు. కాబట్టి యురేనియం ఒక్కటే కాదు, సోడియం, సల్ఫేటు ఏడాదివారీగా అడగాలి. ఆ గీత పైకి పోతోందా, నిలకడగా ఉందా అన్నది పదో తరగతి పిల్లాడు కూడా గ్రాఫు గీసి చెప్పగలడు.

రోజుకు 3,000 టన్నుల రాయి ఆడించే మిల్లు అది. టన్ను రాయిలో యురేనియం అరకిలో కూడా ఉండదు. మిగతాదంతా ఆ పాండ్‌లోకే. రాయిలో ఉన్న రేడియోధార్మికతలో సుమారు 85 శాతం ఆ మడ్డిలోనే ఉండిపోతుంది, రేడియం, థోరియం రూపంలో. అది మన మనవళ్ల మనవళ్ల దాకా అక్కడే ఉంటుంది. కొలిచేవాళ్లు వేరుగా ఉండాలని నేనూ అంటాను. అయితే నా పట్టు ఒకటి: ఆ విచారణ అధికారి మండలి లోపల వద్దు, పార్లమెంటు సంఘం కింద ఉండాలి. ఒకే క్యాంటీన్లో భోంచేసేవాళ్లు ఒకరి మీద ఒకరు నివేదికలు రాసుకోరు.

హంద్రీ ఒడ్డు (దేవనకొండ)

లోపల లేకపోతే ఆయనకు ఫైళ్లు ఎలా తెలుస్తాయి సార్? బయటివాడికి "ఇది రహస్యం" అని తలుపు మూస్తారు. లోపలివాడికి మూయలేరు. ఇక్కడ మాత్రం నేను మీతో కలవలేను.

లెడ్ ఏప్రన్ (కర్నూలు)

లోపలా బయటా అన్నది మీరు తేల్చుకోండి అన్నా. నా పేరు ఓనరుకు చెప్పనని రాతపూర్వకంగా మాటిచ్చే మనిషి ఎక్కడున్నా నాకు చాలు.

పెన్నేరు (కడప)

నేను సమాచార హక్కు దరఖాస్తు రాస్తున్నాను, ఏఈఆర్‌బీకి ఒకటి, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి ఒకటి. ఇప్పటిదాకా చేర్చినవి: గత పదేళ్లలో మండలి సిబ్బంది పనితీరు మీద వచ్చిన ఫిర్యాదులెన్ని, ఎవరు విచారించారు. ఫిర్యాదుదారు పేరు గోప్యంగా ఉంచే నియమం రాతలో ఉందా, ఉంటే నకలు. 60 మైక్రోగ్రాముల హద్దుకు ఆధారమైన పత్రం. తుమ్మలపల్లె చుట్టూ ఉన్న బోర్లలో 2012కు ముందూ తర్వాతా యురేనియం, సోడియం, సల్ఫేటు కొలతలు, ఊరివారీగా. ఇంకా ఏమైనా ఉంటే ఆదివారం లోపు చెప్పండి.

చీనీతోట (అనంతపురం)

శాంపిలు తీసిన ప్రతి రైతుకు కాగితం ఇచ్చినారా, అది కూడా రాయండి అన్నా. సోమవారం కడప కలెక్టరేట్లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటాది గదా, మా చిన్నక్క ఊరోళ్లు నలుగురు అర్జీ తీసుకొని వస్తామంటాండారు. రాసిపెట్టేవాళ్లు లేరు.

పాత ఇంజినీరు (ముద్దనూరు)

నేను వస్తాను. ముద్దనూరు నుంచి తొలి బస్సుకే వస్తాను. పాత బోరు నీళ్ల రిపోర్టులు ఎవరి దగ్గరైనా ఉంటే, చిరిగినవైనా సరే, పారేయకుండా తెమ్మని చెప్పు. తేదీ కనపడితే చాలు.